జెనిసిస్ 'సెకండ్స్ అవుట్': 9/8 దగ్గర తాళం తప్పుతోంది, ఎలా వినాలి?

గోదారిగట్టు:
ఇంటర్ చదివే తమ్ముడికి ప్రోగ్ రాక్ (పొడవాటి పాటలు, చిక్కు తాళాలు ఉండే రాక్) రుచి చూపిద్దామని బ్రిటిష్ బృందం జెనిసిస్ 1977 నాటి ఈ డబుల్ లైవ్ ఆల్బమ్ ఇచ్చాను. మూడు సందేహాలు. 'సప్పర్స్ రెడీ' పాటలో 9/8 (ఆవర్తానికి తొమ్మిది అక్షరాలు) వచ్చే చోట చెయ్యి ఎలా వేసినా తప్పుతోంది. ట్రాక్ మారినప్పుడల్లా చప్పట్లు టక్కున తెగుతున్నాయి. ముందు స్టూడియో పాటలు వినిపించి ఉండాల్సిందా?

తకధిమి:
నాలుగేసి అక్షరాలుగా కొడుతున్నట్టున్నారు. ఎనిమిదికి ఆవర్తం అయిపోయిందనుకుంటాం, ఇంకొక అక్షరం మిగిలే ఉంటుంది. రెండో ఆవర్తంలో చెయ్యి ఒక అక్షరం ముందు పడుతుంది, మూడోదాంట్లో రెండు.

అక్కడి నడక 3+2+4. నోటితో "తకిట తక తకధిమి" అంటూ 1, 4, 6 అక్షరాల మీద దెబ్బ వేయండి. కర్ణాటక సంగీతంలో సంకీర్ణ నడక (తొమ్మిది అక్షరాలది) నేర్చుకున్నవాళ్ళు అలవాటుగా 4+5 వేస్తారు, ఇక్కడ అది కుదరదు. కీబోర్డ్ సోలో మొదలయ్యాక అసలు చిక్కు. టోనీ బ్యాంక్స్ ఆ తొమ్మిదితో సంబంధం లేనట్టు తన విరుపుల్లో తాను పోతాడు. చెవి అటు పోయిందా, లెక్క గోవిందా! కింద బేస్‌లో మూడే స్వరాలు తిరుగుతుంటాయి, వాటినే పట్టుకోండి. ఫోన్ స్పీకర్లో అవి వినపడవు, ఇయర్‌ఫోన్లు పెట్టాల్సిందే.

'సినిమా షో' రెండో సగం 7/8. మిశ్రచాపు వచ్చినవాళ్ళకి ఏడు తేలికే, కానీ 3+4 విరుపు దానిమీద రుద్దొద్దు. ఆ ఒక్క పాటకి డ్రమ్స్ మీద చెస్టర్ థాంప్సన్ కాదు, బిల్ బ్రూఫర్డ్. అది 1976 రికార్డింగ్.

పాతరికార్డు:
చప్పట్లు తెగే ఆ ఖాళీలు ఎంపీ3 వల్ల. దాని ఒక్కో ఫ్రేమ్ (ఫైల్లో ఒక ముక్క) 1152 శాంపిళ్ళు, అంటే సీడీ రేటులో సుమారు 26 మిల్లీసెకన్లు. ట్రాక్ నిడివి ఆ లెక్కకి సరిగ్గా సరిపోదు కాబట్టి ఎన్‌కోడర్ మొదట్లోనూ చివర్లోనూ నిశ్శబ్దం నింపుతుంది. సీడీ ఉంటే ఫ్లాక్ (శబ్దం ఏమీ పోని ఫైలు రకం)లోకి రిప్ చేసి, ప్లేయర్లో గ్యాప్‌లెస్ (ట్రాక్‌ల మధ్య ఖాళీ లేకుండా వినిపించేది) ఆన్ చేయండి. ఒక ట్రాక్ చివరని తర్వాతిదాని మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్ మాత్రం సున్నాలో ఉంచండి. లేకపోతే 'డాన్స్ ఆన్ ఎ వాల్కనో' నుంచి 'లాస్ ఎండాస్'లోకి వెళ్ళేచోట డ్రమ్ దెబ్బలు ఒకదానిమీద ఒకటి పడి గందరగోళం అవుతుంది.

తకధిమి:
స్టూడియో సంగతి మర్చిపోయాను. లైవే ముందు, అందులో తప్పేం లేదు. 'సప్పర్స్ రెడీ' రెండుసార్లు విన్నాక 1972 'ఫాక్స్‌ట్రాట్' పెట్టండి. అక్కడ గొంతు పీటర్ గేబ్రియల్‌ది, ఇక్కడ ఫిల్ కాలిన్స్‌ది. 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్'కి మాత్రం 1973 స్టూడియో ట్రాక్ వినకపోతే నష్టమే, లైవ్‌లో మొదటి పియానో ముక్క మొత్తం ఎత్తేశారు.

పాతరికార్డు:
తర్వాత ఎవరో యెస్ బృందం లైవ్ ఆల్బమ్ 'యెస్‌సాంగ్స్' వినమంటారు. వినండి, కానీ మూడు ఎల్‌పీలు, శబ్దం కాస్త బురదబురదగా ఉంటుంది. కొత్త చెవికి అదే మొదటిది కాకపోవడం మంచిది.

గోదారిగట్టు:
1, 4, 6 కుదిరింది. సోలోలో తమ్ముడు ఇంకా జారిపోతున్నాడు.