క్విల్లింగ్ పూలు కవర్లో నలగకుండా కార్డు పంపడం ఎలా?

అందరికీ నమస్కారం. స్నేహితురాలి పుట్టినరోజుకి చేత్తో క్విల్లింగ్ (సన్నని కాగితం పట్టీలను చుట్టి ఆకారాలు చేయడం) గ్రీటింగ్ కార్డు చేస్తున్నాను. 5 మి.మీ. వెడల్పు పేపర్ స్ట్రిప్స్‌తో రేకులు బాగానే వచ్చాయి. చుట్టను కాస్త వదులు చేసి ఒక కొన నొక్కితే నీటిబొట్టు ఆకారం, రెండు కొనలూ నొక్కితే ఆకు. తంటా అంతా మధ్యలో పెట్టే కుచ్చుపువ్వుతోనే. 10 మి.మీ. స్ట్రిప్‌ని ఒక అంచున సన్నగా కత్తిరించి చుట్టాను. అచ్చం బంతిపువ్వులా ముద్దొస్తోంది గానీ, కవర్లో పెట్టి చూస్తే అణిగిపోయింది.

పైగా కార్డు కూడా వంగుతోంది. తెల్ల జిగురు ఎక్కువై ఆ తడికే అట్ట వంగిందని నా అనుమానం. టూత్‌పిక్‌తో చుక్క చుక్కగా పెడితే ఈసారి రేకు ఊడి చేతికొచ్చింది (నా చెయ్యే అంత లెండి).

3 మి.మీ. స్ట్రిప్స్‌కి మారితే ఎత్తు తగ్గుతుంది, మరి కుచ్చు అందం పోదా? పోస్టులో పంపాలి కాబట్టి పూల చుట్టూ మందపాటి అట్టతో అంచు కడితే సరిపోతుందా, లేక చిన్న పెట్టెలో పెట్టడమే మేలా? నా అట్ట 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు), 300 తీసుకోవాలా? చేసి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్. పది రోజులే టైముంది, టెన్షన్‌గా ఉంది.