పల్స్‌ఆడియో తీసేశాక సౌండ్ పోయింది: మళ్లీ పెట్టాలా, ఆల్సా ఒక్కటి చాలా?

కొత్త టెర్మినల్:
ఉబుంటు లినక్స్ 22.04 వాడుతున్నాను. వీడియో ఆపి కాసేపాగి మళ్లీ నొక్కినప్పుడల్లా స్పీకర్లలో టప్పుమని చప్పుడు వస్తోందని ప్రోగ్రాముల సౌండ్‌ను కార్డుకు చేరవేసే పల్స్‌ఆడియో సర్వర్‌ను పర్జ్ చేశాను, అంటే సెట్టింగ్స్‌తో సహా తీసేశాను. వెంటనే, ఇక అక్కర్లేదనుకున్న ప్యాకేజీలను తీసేసే ఆటోరిమూవ్ కూడా నడిపాను. ఇప్పుడు చప్పుడూ లేదు, పాటా లేదు. సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ జాబితా ఖాళీగా ఉంది. కొందరు పల్స్‌ను తిరిగి పెట్టమంటున్నారు, కొందరు అది అనవసరపు బరువు, ఆల్సా చాలంటున్నారు. ఎవరి మాట వినాలి? మొత్తం సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని మాత్రం చెప్పకండి.

మూలాల మనిషి:
ఆల్సా చాలండి. సౌండ్ కార్డును నడిపేది లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌లో ఉన్న ఆల్సా డ్రైవర్లే, 2.6 కెర్నల్ నాటి నుంచీ అంతే. పల్స్ దాని మీద కూర్చున్న మధ్యవర్తి. రెండు ప్రోగ్రాముల సౌండ్ ఒకేసారి వినపడాలంటే పల్స్ ఉండి తీరాలనేది పాత అపోహ, ఆల్సాలోనే ఉన్న డీమిక్స్ ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరవండి. ఎఫ్6 నొక్కి అసలు కార్డు ఎంచుకోండి. మాస్టర్, స్పీకర్ గడుల కింద రెండు ‘ఎం’లు కనిపిస్తే అవి మ్యూట్‌లో ఉన్నట్టు. ఎం నొక్కితే తెరుచుకుంటాయి.

రాత్రి డ్యూటీ:
మిక్సర్ సంగతి వరకు ఒప్పుకుంటాను. ‘ఆల్సా చాలు’ అనేదానితోనే పేచీ. ఫైర్‌ఫాక్స్ 2017లో 52వ వెర్షన్ నుంచే తన అధికారిక బిల్డ్‌లలో ఆల్సాను వదిలేసి పల్స్ కావాలంటోంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకు ఆల్సాతో అయితే వేరే ప్యాకేజీ వేసుకుని తంటాలు పడాలి. పాట మోగుతుండగానే దాన్ని స్పీకర్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చడం ఉత్త ఆల్సాతో కుదరదు. రోజువారీ డెస్క్‌టాప్‌కు ఇదేం సలహా అండీ?

కొత్త టెర్మినల్ గారూ, ఆ జాబితా ఖాళీగా ఉందంటే కార్డు పోయిందని కాదు. ఆ ప్యానెల్ పల్స్ భాషలోనే అడుగుతుంది, జవాబిచ్చే సర్వర్‌ను మీరు తీసేశారు, అంతే. ముందు కార్డుల జాబితా కోసం ఏప్లే కమాండ్‌ను చిన్న ఎల్ ఆప్షన్‌తో నడిపి, కెర్నల్‌కు కార్డు కనిపిస్తోందో లేదో చూడండి. తర్వాత, ప్యాకేజీలను పెట్టే, తీసే ఆప్ట్ తాలూకు హిస్టరీ లాగ్ తెరిచి, పల్స్‌తో పాటు ఇంకా ఏమేం పోయాయో చదవండి. సౌండ్ గురించి అందరూ మాట్లాడతారు గానీ, నిజమైన నష్టం ఆటోరిమూవ్ దగ్గర జరుగుతుంది.

మూలాల మనిషి:
ఫైర్‌ఫాక్స్ మొండికేస్తే, పల్స్ లేకుండానే దాని సౌండ్‌ను ఆల్సాకు పంపే ఏపల్స్ ఉంది. ఒక్క బ్రౌజర్ కోసం ఇంకో సర్వర్‌ను ఎందుకు మోయాలి?

రాత్రి డ్యూటీ:
22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా, అంటే మిగతా సిస్టమ్ నుంచి వేరు చేసిన పెట్టెలో వస్తుంది. దాని పెట్టెలోకి ఏపల్స్‌ను దూర్చడం అంత తేలికా? మీ సిస్టమ్‌లో మీరు చేసుకోగలరు, కాదనను. అడిగినవారి సంగతి చూడండి.

కొత్త టెర్మినల్:
ఏప్లేలో రెండు కార్డులు కనిపిస్తున్నాయి. సున్నా హెచ్‌డీఎంఐ, ఒకటి అనలాగ్. లాగ్ చూస్తే పల్స్ బ్లూటూత్ మాడ్యూల్, డెస్క్‌టాప్‌కు కావలసినవన్నీ ఒక్కసారే తెచ్చే మెటా ప్యాకేజీ కూడా పోయాయి. ఈలోగా ఎవరో చెబితే, పల్స్ బదులు పనిచేసే కొత్త సర్వర్ పైప్‌వైర్ తాలూకు పైప్‌వైర్ పల్స్ ప్యాకేజీ పెట్టాను. జాబితా ఇప్పుడు ఖాళీగా లేదు గానీ ‘డమ్మీ అవుట్‌పుట్’ అని ఒక్కటే ఉంది. ఇదేం న్యాయం?

గ్రాఫ్ పేపర్:
డమ్మీ అవుట్‌పుట్ మంచి కబురే. సర్వర్ లేచింది, దానికి కార్డును అప్పగించేవాడే లేడు. పైప్‌వైర్ తనంతట తాను ఏ కార్డునూ తెరవదు. ఏది తెరవాలి, ఏ ప్రొఫైల్ వాడాలి, ఏ ప్రోగ్రామ్‌ను దేనికి కలపాలి అని నిర్ణయించేది సెషన్ మేనేజర్. 22.04లో డెస్క్‌టాప్‌తో వచ్చే పాత మీడియా సెషన్, సౌండ్ పనిని పల్స్‌కే వదిలేసేలా అమర్చి ఉంటుంది. దాని బదులు వైర్‌ప్లంబర్ అనే సెషన్ మేనేజర్ పెట్టండి. సర్వీసులను నడిపించే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌లో యూజర్ ఆప్షన్‌తో దాన్ని ఎనేబుల్ చేయండి. ఇక్కడ అడ్మిన్ హక్కులిచ్చే సుడో వాడొద్దు, ఇవి మీ లాగిన్ కింద నడిచే సర్వీసులు, రూట్‌వి (అడ్మిన్‌వి) కావు. లాగవుట్ అయి మళ్లీ రండి. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఏసౌండ్ ఆర్‌సీ అనే ఆల్సా సెట్టింగ్స్ ఫైలు ఉంటే, అందులో పల్స్ ప్రస్తావన ఉందేమో చూసి పేరు మార్చండి. డెస్క్‌టాప్ మెటా ప్యాకేజీని మళ్లీ పెట్టేటప్పుడు ఆప్ట్ చూపించే జాబితా చదవకుండా ‘వై’ కొట్టకండి, పల్స్ వెనక గుమ్మంలోంచి తిరిగి రావచ్చు.

పైన నడుస్తున్న గొడవ గురించి నా మాట: పల్స్‌ఆడియో అనే సర్వర్‌ను తీసేయొచ్చు, పల్స్ ప్రోటోకాల్‌ను తీసేయలేం. సగం ప్రోగ్రాములు ఆ భాషే మాట్లాడతాయి. ఇంకో లినక్స్ అయిన ఫెడోరా 2007లో 8వ వెర్షన్‌తో పల్స్‌ను డిఫాల్ట్ చేసింది, అదే ఫెడోరా 2021లో 34వ వెర్షన్‌తో పైప్‌వైర్‌కు మారింది. ఉబుంటు 22.10లో మారింది. వాళ్లెవరూ ఆల్సాకు వెనక్కి వెళ్లలేదు, ప్రోటోకాల్‌ను అలాగే ఉంచి సర్వర్‌ను మార్చారు.

మూలాల మనిషి:
వాళ్లు డెస్క్‌టాప్ అమ్ముకోవాలి కాబట్టి మారారు. ఒకే ప్లేయర్, ఒకే డీఏసీ (డిజిటల్ సౌండ్‌ను అనలాగ్‌గా మార్చే పరికరం) ఉన్న సిస్టమ్‌లో వీటిలో ఏదీ అక్కర్లేదని ఇప్పటికీ అంటాను.

రాత్రి డ్యూటీ:
అలాంటి సిస్టమ్‌కు ఒప్పుకుంటాను. ప్రశ్న దాని గురించి కాదు కదా.

కొత్త టెర్మినల్:
వైర్‌ప్లంబర్‌తో అనలాగ్ కార్డు కనిపించింది. ఇయర్‌ఫోన్స్‌లో వచ్చింది గానీ స్పీకర్లలో రాలేదు. ఆల్సామిక్సర్‌లో, ఇయర్‌ఫోన్స్ పెట్టగానే స్పీకర్లను మూసేసే ఆటో మ్యూట్ ఆపితే అవీ మోగాయి. అందరికీ థ్యాంక్స్. కానీ ఏ చప్పుడు కోసం పల్స్‌ను తీసేశానో ఆ టప్పు మాత్రం అలాగే ఉంది!

గ్రాఫ్ పేపర్:
ఉంటుంది. ఐదు సెకన్లు ఏమీ మోగకపోతే వైర్‌ప్లంబర్ కార్డును వదిలేస్తుంది, పల్స్ కూడా అదే చేసేది. ఆ తర్వాత ఇంటెల్ హెచ్‌డీఏ అనే ఆల్సా డ్రైవర్ కరెంటు ఆదా కోసం కోడెక్‌ను, అంటే సౌండ్ చిప్‌ను నిద్రపుచ్చుతుంది. మళ్లీ లేపినప్పుడు వచ్చేదే ఆ చప్పుడు. డ్రైవర్ పారామీటర్లలో పవర్ సేవ్ విలువను సున్నా చేసి చూడండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుంది.

కొత్త టెర్మినల్:
సున్నా చేశాక రావడం లేదు.

మూలాల మనిషి:
అంటే చివరికి ఆల్సా డ్రైవర్ దగ్గరే తేలిందన్నమాట.

రాత్రి డ్యూటీ:
తప్పు కూడా దానిదేనని తేలిందండీ.