అమ్మ రిపోర్టులో మాటలు అమ్మకి ఎలా చెప్పాలి? (కీళ్ళ జబ్బు, ఆర్ఏ)

తణుకు_పిల్ల:

అందరికీ నమస్కారం. అమ్మకి 61. తణుకు దగ్గర పల్లెలో ఉంటుంది, నేను హైదరాబాదులో. ఎనిమిది నెలలుగా రెండు చేతుల వేళ్ళ మొదళ్ళూ, మణికట్లూ వాస్తున్నాయి. ఊళ్ళో ఆర్ఎంపీ గారు "కీళ్ళు అరిగాయమ్మా, వయసు కదా" అని వారానికో సూది పొడిచేవారు. రెండ్రోజులు హాయి, మూడో రోజు మామూలే. ఉగాదికి వెళ్ళినప్పుడు చూద్దునా, అమ్మ కాఫీ గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తుతోంది. వేళ్ళు ముడుచుకోవట్లేదు. చీర కుచ్చిళ్ళు పోసుకోవాలంటే తొమ్మిది దాటాల్సిందే. మర్నాడే బండెక్కించి తీసుకొచ్చేశాను. రుమటాలజిస్టు (కీళ్ళవాతం డాక్టరు) చూసి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఆర్ఏ, అన్నారు.

డాక్టరుగారు మంచాయనే. కాకపోతే బయట ముప్పై మంది కూచున్నారు, మాటలన్నీ ఇంగ్లీషులో గబగబా చెప్పేశారు. వాటిని నేను తెలుగులో చెప్పబోయి ఒక్కొక్కటే బోల్తాపడ్డాను.

"ఇన్‌ఫ్లమేషన్ అంటే మంటమ్మా" అన్నాను, పేపర్లో అలాగే రాస్తారు కదా అని. "మంటెక్కడుందే? కారం పడ్డ పుండుకి మంట గానీ నాది పోటు. ఆయన ఇంకెవరి చీటీయో చూసి చెప్పాడేమో" అంది.

"రక్తపరీక్షలో ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్" అన్నాను. "పాజిటివంటే మంచిదేగా!" అని అమ్మ సంబరపడింది. పక్కింటి అత్తయ్య మాత్రం "పాజిటివా?" అని గొంతు తగ్గించి, తలుపు దగ్గరగా వేసింది. ఆవిడకి తెలిసిన పాజిటివ్ వేరు.

ఆటోఇమ్యూన్ దగ్గర ఇంకా ఘోరం. "నీ రోగనిరోధక శక్తే నీ కీళ్ళని దెబ్బతీస్తోంది" అన్నాను. రోగనిరోధక శక్తి అన్న ముక్క మటుకు పట్టుకుని, అది తగ్గిపోయిందనుకుని, రోజూ తిప్పతీగ కషాయం మొదలెట్టింది.

అసలు భయం వేసింది ఈ జబ్బుకి రాసిన మెథోట్రెక్సేట్ మాత్రతో. వారానికి ఒక్కసారి అని డాక్టరుగారు రాశారు. మందులషాపు కుర్రాడు కవరు మీద 1-0-0 అని గీకాడు, అంటే రోజూ పొద్దున ఒకటి అని. అమ్మ సోమవారం వేసుకుంది, మంగళవారం వేసుకుంది. మంగళవారం రాత్రి ఫోనులో మాటల మధ్య బయటపడింది. అప్పటికప్పుడు డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆపించి, రక్తపరీక్ష చేయించారు. దేవుడి దయవల్ల ఏం కాలేదు.

నిఘంటువు మాటలు నాకూ దొరికాయి. "స్వయంప్రతిరక్షక దీర్ఘకాలిక శోథవ్యాధి" అంటే అమ్మ సంకల్పం చెప్పుకుంటున్నామనుకుని ఆచమనం చేస్తుంది. మీ ఇళ్ళలో ఈ మాటలు ఏమని చెప్పుకుంటున్నారు? ఇంకో అనుమానం: ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చూపే రక్తపరీక్షలు రెండు చేశారు. ఈఎస్ఆర్ 78. సీఆర్పీ ఇక్కడి ల్యాబులో 32, పది రోజుల తర్వాత అక్కడి ల్యాబులో 3.1. పది రోజుల్లో పదో వంతుకి తగ్గిపోతుందా?

సీమ_రాగిసంగటి:

అమ్మాయీ, నాది అనంతపురం. ఈ జబ్బు నాతో కాపురం చేయబట్టి పద్నాలుగేండ్లు. మాటలకి నేనూ చానా తిప్పలు పడినా. మా ఇంట్లో నిలిచినవి చెప్తా.

ఇన్‌ఫ్లమేషన్‌కి మంట అనొద్దు, శోథ అసలే అనొద్దు. "రాజుకోవడం" అను. కీలు లోపల పల్చటి పొర ఒకటి ఉంటుంది, కీలుకి నూనె పెట్టే పొర అనుకో. అది రాజుకుని, ఉబ్బి, మందమై, పక్కనున్న మెత్తెముకనీ, ఎముక అంచునీ తినేస్తుంది. ఎక్స్‌రే చూసి డాక్టర్లు ఎరోజన్ అంటారు చూడు, అదే. గుమ్మానికి చెద పట్టినట్టు. నా కుడిచెయ్యి ఎక్స్‌రేలో చూపుడువేలి మొదట్లో గుంత కనపడుతుంది. మొదటి రెండేండ్లు నేనూ సూదులతో గడిపినదానికి గుర్తు అది. ఆ గుంత మళ్ళీ పూడదు.

"అరిగినాయి" అన్న మాట ఈ రోజే ఇంట్లోంచి తరిమేయ్. అరుగుడు వేరే జబ్బు. అరిగిన మోకాలు నడిస్తే నొప్పి, కూర్చుంటే సుఖం. మనది తిరకాసు. రాత్రంతా పండుకుని లేస్తే గంటా రెండు గంటలు కొయ్యబారిపోయి, పనిలో పడితే కాస్త వదులవుతుంది. మార్నింగ్ స్టిఫ్‌నెస్ అంటారు. పొద్దున ఎంతసేపు పట్టేస్తోందని డాక్టరు అడిగితే మీ అమ్మ "ఎప్పుడూ నొప్పేనయ్యా" అని తేల్చేస్తుంది, చూస్తుండు. "కుచ్చిళ్ళు పోసుకోవడానికి తొమ్మిదవుతోంది" అని నువ్వు రాసినావే, ఆ ముక్క చెప్పమను. డాక్టరుకి కావలసిన లెక్క అదే.

ఆటోఇమ్యూన్‌కి కొత్త మాట వెతికే పనే లేదు. కంచే చేను మేస్తోంది, అంతే. మా అత్తకి ఆ ఒక్క మాటతో అర్థమైంది. తిప్పతీగ సంగతీ ఇందులోనే తేలిపోతుంది. చేను మేస్తున్న కంచెకి ఇంకా బలం పోస్తారా ఎవరైనా? పైగా కరోనా కాలంలో తిప్పతీగ వాడినవాళ్ళకి కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశం డాక్టర్లే రాసినారు. మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్ళు ఎట్లాగూ కాలేయాన్ని కాచుకోవాల్సిందే. కషాయం ఆపించు, ఆపినట్టు డాక్టరుకీ చెప్పు.

ఇంకొకటి. డాక్టరు కీళ్ళు ఒక్కొక్కటే తన బొటనవేలితో నొక్కుతాడు, గోరు తెల్లబడేదాకా. లెక్కపెడతాడు. దాన్ని డాస్ 28 అంటారు. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ళ కణుపులు, మోకాళ్ళు, అన్నీ కలిపి ఇరవై ఎనిమిది. నొక్కితే నొప్పి ఎన్నిట్లో, వాపు ఎన్నిట్లో, ఈఎస్ఆరో సీఆర్పీయో ఎంత, నీకు నువ్వు ఎట్లున్నావనుకుంటున్నావు, ఇవన్నీ కలిపి ఒక అంకె వస్తుంది. 5.1 దాటితే బాగా రాజుకున్నట్టు, 2.6 లోపు ఉంటే అణిగినట్టు. అయితే ఆ ఇరవై ఎనిమిదిలో పాదాలు లేవు! నాకు మొదట వచ్చిందే కాలివేళ్ళ మొదట్లో, గులకరాళ్ళ మీద నడుస్తున్నట్టు. స్కోరు బాగుందని డాక్టరు నవ్వుతుంటే నేను చెప్పులు విప్పి చూపించాల్సి వచ్చింది. మీ అమ్మని కూడా విప్పమను, మొహమాటపడొద్దు.

ల్యాబు_తమ్ముడు:

అక్కా, నేను వరంగల్ల ల్యాబ్ టెక్నీషియన్ను, పన్నెండేండ్ల సంది. మొదలు సీఆర్పీ ముచ్చట చెప్త. అది తగ్గలే. రెండు రిపోర్టుల అంకె పక్కన ఏం రాసిందో చూడు. ఒకదాంట్ల లీటరుకు మిల్లీగ్రాములు ఉంటది, ఇంకోదాంట్ల డెసిలీటరుకు. డెసిలీటరంటే లీటర్ల పదో వంతు. గందుకే 3.1 అంటే మొదటి లెక్కల 31. ముప్పై రెండు, ముప్పై ఒకటి, రెండూ ఒకటే. ఈ తిరకాసుకు సంబరపడి మందు ఆపినోళ్ళను చూసిన. ఎప్పుడైనా ఒకటే ల్యాబుల చేపిచ్చుకోండ్రి.

ఈఎస్ఆర్ అంటే పెద్ద మిషిని పనేం కాదు. సన్నటి గొట్టం, సున్నా నుంచి రెండొందల దాక గీతలుంటయ్. రక్తం గడ్డకట్టకుంట సైట్రేట్ కలిపి, గొట్టంల నిలబెట్టి, గంటసేపు ముట్టుకోం. గంటల ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగితే అదే నంబరు. మీ అమ్మది 78 అంటే, పైన 78 మిల్లీమీటర్లు పసుప్పచ్చ నీళ్ళు తేలినయన్నట్టు. ఒంట్ల జబ్బు రాజుకుంటే కాలేయం ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ ఎక్కువ వదుల్తది. దాంతోని ఎర్రకణాలు రూపాయి బిళ్ళల దొంతర లెక్క ఒకదానికొకటి అతికి జల్ది దిగుతయ్. రక్తం తక్కువున్నా దిగుతయ్, వయసు పెరిగినా కొంచెం పెరుగుతది. ఆడోళ్ళకు వయసుకు పది కలిపి సగం చేస్తె దాదాపు హద్దు తెలుస్తది. అరవై ఒకటికి ముప్పై అయిదున్నర. సీఆర్పీ గంటల్ల పెరుగుతది, జల్దినే దిగుతది. ఈఎస్ఆర్ నిదానం మనిషి, వారాలు పడతది.

ఇగ ఆర్ఏ ఫ్యాక్టర్. రక్తంల వెతికే ఒక యాంటీబాడీ అది. పాజిటివ్ అంటే "దొరికింది" అను, మంచీ కాదు, చెడూ కాదు. ఈ జబ్బున్నోళ్ళందరికీ దొరకది, దొరికినోళ్ళందరికీ ఈ జబ్బుండది. పెద్ద వయసుల ఊరికెనే దొరకొచ్చు, హెపటైటిస్ సి ఉన్నా దొరకొచ్చు. యాంటీ సీసీపీ అని ఇంకో యాంటీబాడీ పరీక్ష ఉంటది, అది కొంచెం నమ్మకస్తురాలు, అది గట్టిగ దొరికితే అనుమానం తక్కువ. మా కౌంటరు కాడ ఒక పెద్దమనిషి "ఆంటీ సీసీపీ ఎవరు బిడ్డా?" అని అడిగిండు, ఆ రోజంత నవ్వుకున్నం. ఒక్క మాట, ఆర్ఏ ఫ్యాక్టర్ ఒకసారి దొరికినంక మూడు నెలలకోసారి మళ్ళ చేపిచ్చుడు దండుగ. మందుతోని జబ్బు తగ్గుతుందా లేదా అన్నది అది చెప్పది. ల్యాబోడిని, నేనే చెప్తున్న.

భీమవరం_మందులకొట్టు:

అమ్మా, నలభై ఏళ్ళు కౌంటర్లో నిలబడ్డాను. ఆ 1-0-0 చదివి కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే నోరంతా పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదకే వస్తుంది. పైగా దాని దుష్ఫలితాలు తగ్గడానికి దాంతో ఇచ్చే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్రా పసుప్పచ్చే, అదీ చిన్నదే. రెండు మందుల బ్రాండ్ల పేర్లూ ఒకేలా "ఫో" అంటూ మొదలయ్యేవి కూడా ఉన్నాయి. ముసలి కళ్ళకి ఏం తెలుస్తుంది? రెండు స్ట్రిప్పులూ ఒక డబ్బాలో పెట్టొద్దు. నెలకి నాలుగు మోతాదులే ఇంట్లో ఉంచండి. క్యాలెండర్లో మాత్ర వేసుకోవాల్సిన రోజు చుట్టూ ఎర్ర గీత గీయండి. "వారానికోసారి" అంటే ఏదో ఒక రోజులే అనుకుంటారు, సోమవారమో మరోటో, ఆ రోజు పేరే పెట్టి చెప్పండి.

రేపో మాపో ఎవరో ఒకరు "అది క్యాన్సర్ మందమ్మా" అని మీ అమ్మగారి చెవిన వేస్తారు. నిజమే, కాదనొద్దు. క్యాన్సర్‌కి ఇచ్చే మోతాదు వేరు, దీనికిచ్చేది అందులో పిసరంత. దానికంటే ముందు ఇంకో సంగతి చెప్పండి. 1895లో మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే మందుల కంపెనీలో పరిశోధన నడిపించారు. ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే. దానికి అడ్డుపడే మందులూ అక్కడే పుట్టాయి. అందులో అమినోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ అనే బోస్టన్ డాక్టరు లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకి ఇచ్చి చూసి, ఫలితాలు 1948లో ప్రకటించాడు. దానికి తోబుట్టువే ఈ మెథోట్రెక్సేట్. కీళ్ళ జబ్బుకి అమెరికాలో అనుమతి వచ్చింది 1988లో. సుబ్బారావు గారు 1948లోనే పోయారు, పాపం. మీ అమ్మగారి డబ్బాలో ఉన్న మందూ, దాని విరుగుడూ రెండూ ఒక గోదావరి జిల్లా ఆయన చేతి చలవేనని చెప్పండి.

ఇంకోటి, ఈ మందు పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నొప్పిబిళ్ళ గంటలో పనిచేస్తుంది గనక జనం అదే మందనుకుంటారు. నొప్పిబిళ్ళ చెదని ఆపదు.

తణుకు_పిల్ల:

అందరికీ వెయ్యి దణ్ణాలు. ఆదివారం ఊరెళ్ళి కూచున్నాను. సీమ అక్కగారి "కంచే చేను మేయడం" అనగానే అమ్మ కషాయం గిన్నె తోమి బోర్లించేసింది. సీఆర్పీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను, తమ్ముడు చెప్పినట్టే ఉంది.

సుబ్బారావు గారి సంగతి చెప్పాక అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాళ్ళది భీమవరంలో ఏ వీధి?" అని అడిగింది. నాకు తెలీదు, భీమవరం బాబాయిగారు చెప్పాలి. సోమవారాల చుట్టూ ఎర్ర గీతలు గీసి క్యాలెండర్ని పొయ్యి పక్కన తగిలించాం. పసుపు స్ట్రిప్పు ఒకటి పప్పుల డబ్బా వెనక, రెండోది దేవుడి గూట్లో. ఏది ఎక్కడుండాలో అమ్మే నిర్ణయించింది. మెథోట్రెక్సేట్ దేవుడి గూట్లోకి వెళ్ళింది.

ఒక్క మాట మిగిలింది, రెమిషన్, అంటే జబ్బు అణిగి ఉండడం. "తగ్గింది" అంటే మందు మానేస్తుందని నా భయం. "నివురుగప్పిన నిప్పులా ఉంటుంది" అని మొదలెట్టాను. "అదేంటే, ఇంట్లో నిప్పు పెట్టుకుని నిద్రెలా పడుతుంది?" అంది. నేను మాటకోసం వెతుక్కుంటుంటే తనే అంది: "పడుకుందనొచ్చుగా. మీ తమ్ముడు చిన్నప్పుడు పడుకుంటే ఉయ్యాల ఊపడం మానేదాన్నా ఏంటి? మానితే లేచి కూచునేవాడు."

వచ్చే నెల పన్నెండు వారాలవుతాయి. ఈసారి చెప్పులు విప్పమని ముందే చెప్పి తీసుకెళ్తాను.