అప్‌డేట్: ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ ఆమోదం పొందింది (గుంటూరు మిర్చి, పీహెచ్‌డీ)

నా పీహెచ్‌డీ ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్‌ను (ఏ సమస్యపై, ఎందుకు పరిశోధన చేస్తున్నానో చెప్పే వాక్యం) "మరీ విస్తృతంగా ఉంది" అని పీహెచ్‌డీ కమిటీ తిప్పి పంపితే, ఎలా సరిచేయాలని ఇక్కడ అడిగాను కదా, ఈసారి ఒప్పుకున్నారు. సలహా ఇచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.

పనిచేసిన సలహా: "దీనిపై పరిశోధన జరగలేదు" అన్నది తీసేసి, తెలియకపోవడం వల్ల ఎవరి నిర్ణయం ఆగిపోతోందో రాయమన్నది. పాతది "మిర్చి రైతుల మార్కెటింగ్ సమస్యలు". కొత్తది: "కోత కాగానే తేజ రకం మిర్చిని మార్కెట్ యార్డుకు తోలాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్న చిన్న రైతు నిర్ణయాన్ని కమీషన్ వ్యాపారి దగ్గరి అప్పు ఎంతవరకు శాసిస్తోందో తెలియదు, అది తెలియకుండా నిల్వ సరుకుపై రుణం ఎవరికి ఉపయోగమో తేల్చలేం."

రీసెర్చ్ ప్రశ్నల్లో ఈ వాక్యానికి తగలనివి కొట్టేశాను. "ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు" లాంటి గొప్పలు పరిచయ అధ్యాయంలోకి పోయాయి.

టైటిల్ మార్చడం, సైటేషన్లు (ఇతర పరిశోధనల ప్రస్తావనలు) పెంచడం అక్కర్లేకపోయింది. కమిటీలో వాటి ఊసే ఎవరూ ఎత్తలేదు.