ఇండక్షన్ స్టవ్‌కు పాత వైరింగ్ చాలుతుందా, కొత్త లైన్ లాగాలా?

కడప గృహిణి:
మాది ఇరవై ఏళ్ల ఇల్లు. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ కొన్నాం. వంటగదిలో ఉన్నది 6 ఆంపియర్ల ప్లగ్గే కాబట్టి కన్వర్టర్ (పెద్ద ప్లగ్‌ను చిన్న సాకెట్‌లో పెట్టే అడాప్టర్) పెట్టి వాడుతున్నాను. మొన్న సంగటికి బియ్యం ఉడుకుతుంటే కాలిన వాసన వచ్చింది. ప్లగ్ లాగి చూస్తే పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి మెత్తబడింది. ఎలక్ట్రీషియన్ సాకెట్ మారిస్తే చాలంటాడు. మా మరిది డీబీ (ఇంటి లైన్లన్నీ మొదలయ్యే మెయిన్ బోర్డు) నుంచి వేరే లైన్ లాగాలంటాడు. ఎవరి మాట వినాలి?

ప్రొద్దుటూరు:
అక్కా, ముందు ఆ కన్వర్టర్ తీసేయండి. 2000ను 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్ అంత కరెంటు తట్టుకోదు. 16 ఆంపియర్లది పెట్టించండి. లోపల 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు ఉంటే ఒక్క స్టవ్‌కు సరిపోతుంది. దీనికోసం గోడలు పగలగొట్టించొద్దు.

అనంతపురం:
నేను ఒప్పుకోను. పాత ఇళ్లలో ఫ్రిజ్, మిక్సీ కూడా ఆ లైన్ మీదే ఉంటాయి. 750 వాట్ల మిక్సీ వేస్తే ఇంకో 3 ఆంపియర్లు. పైగా మన ఎండలకు స్లాబ్‌లోని పైపు కాగిపోతుంది, ఆ వేడికి వైరు మోయగలిగే కరెంటు తగ్గుతుంది. మా ఇంట్లో ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే లైన్ ఆపేసే స్విచ్) మాటిమాటికీ పడిపోతోందని 10 ఆంపియర్లది తీసేసి 20ది వేయించాం. అదే మా తప్పు. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. కొన్నాళ్లకు జంక్షన్ బాక్స్ విప్పితే వైరు తొడుగు వడియంలా పుటుక్కున విరిగింది. అక్కా, వేరే లైనే లాగించండి. 2.5 స్క్వేర్ రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ, ఎర్త్ వైరు తప్పనిసరి.

కర్నూలు:
లాగేటప్పుడు 4 స్క్వేరే లాగించండి. రేపు 3500 వాట్ల రెండు పొయ్యిలది కొంటే 15 ఆంపియర్లు దాటుతుంది. గోడ రెండోసారి కొట్టించలేం కదా.

ప్రొద్దుటూరు:
ఫ్రిజ్, మిక్సీ అదే లైన్ మీద ఉంటే అనంతపురం అన్న మాటే సరి, వేరే లైన్ కావాలి. కానీ ఒక్క పొయ్యికి 4 దండగ. స్క్రూ వదులుగా ఉంటే ఎంత లావు వైరైనా సాకెట్ దగ్గర కాలుతుంది. బిగింపు దగ్గరుండి చూసుకోండి.

కడప గృహిణి:
మెయిన్ ఆపించి బోర్డు విప్పించాను. లోపల ఉన్నది 1 స్క్వేర్ వైరే. ఎర్త్ రంధ్రానికి అసలు వైరే ఇవ్వలేదు. ఇన్నాళ్లూ తడి చేతులతో ఆ స్టవ్ మీదే స్టీలు గిన్నెలు దించాను. వేరే లైన్ లాగిస్తున్నాం, 2.5తోనే. అంతదాకా వంట గ్యాస్ మీదే.