స్వేచ్ఛకు గుణం, స్వైరానికి వృద్ధి

ప్రశ్న: వచ్చే వారం మా డిగ్రీ పిల్లలకు స్త్రీవాద రచయిత్రి ఓల్గా గారి రచనల మీద ఒక గంట మాట్లాడాలి. గుంటూరులో పుట్టి, తెనాలి కాలేజీలో పదమూడేళ్లు తెలుగు పాఠం చెప్పి, సినిమా రచనలోకి, మహిళా ఉద్యమంలోకి నడిచిన మనిషి. 1987లో వచ్చిన ‘స్వేచ్ఛ’ నవలతో మొదలుపెడదామనుకున్నాను. ఇంతలో ఒక కుర్రవాడు, “స్వేచ్ఛ అన్నా స్వాతంత్ర్యం అన్నా ఒకటే కదా మేడం?” అన్నాడు. ఒకటే అనడానికి నోరు రాలేదు, వేరు అనడానికి ఆధారం తోచలేదు. మాస్టారూ, మీరే చెప్పాలి.

జవాబు: అమ్మా, రెండింటికీ ముందున్న ‘స్వ’ ఒకటే. తేడా అంతా వెనకనున్న మాటలో ఉంది. తంత్రం అంటే ఏలుబడి, అదుపు. ఇంకొకరి అదుపులో ఉన్నవాడు పరతంత్రుడు, తన అదుపులో తానున్నవాడు స్వతంత్రుడు. పగ్గం ఎవరి చేతిలో ఉందన్నదే అక్కడి లెక్క. స్వేచ్ఛ అంటే స్వ, ఇచ్ఛ. పగ్గం ఊసే లేదు, తన కోరిక ఏమిటన్నదే ప్రశ్న. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం మూడో శ్లోకం ‘న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి’ అంది. తండ్రి, భర్త, కొడుకు అని కావలివాళ్ల జాబితా ఇచ్చింది. స్త్రీకి ఏం కావాలో ఆ శ్లోకం అడగలేదు. ‘స్వేచ్ఛ’ నవలలో నాయిక అరుణకు చదువుంది, ఉద్యోగముంది, కోరి చేసుకున్న పెళ్లి ఉంది. పైకి చూస్తే స్వతంత్రురాలే. అయినా ఊపిరాడదు. అందుకే ఆ పుస్తకానికి ‘స్వాతంత్ర్యం’ పేరుగా నప్పదు. మీ కుర్రవాడికి ఇది చాలు.

మరొకరు: మాస్టారూ, ‘స్వైరం’ సంగతి వదిలేశారు. నేను పత్రికలో పనిచేస్తాను. దోమలు, వీధికుక్కలు, ఏనుగులు ఎప్పుడూ ‘స్వైరవిహారమే’ చేస్తాయి. పక్షులు మాత్రం ‘స్వేచ్ఛగా’ విహరిస్తాయి. ఎవరు పెట్టారు ఈ వాటాలు?

జవాబు: మంచి చోట పట్టుకున్నారమ్మా. ఈర అంటే కదలిక. స్వైరం అంటే తన ఇష్టం కొద్దీ కదలడం, అంతే. మాటలో తప్పేమీ లేదు. స్వ, ఇచ్ఛ కలిస్తే గుణసంధి. స్వ, ఈర కలిసినా మామూలుగా గుణమే వచ్చి ‘స్వేర’ కావాలి. కానీ ‘స్వాదీరేరిణోః’ అనే వార్తికం (పాణిని సూత్రాలకు తర్వాత చేర్చిన నియమం) ఒకటి అడ్డుపడి వృద్ధి చేసింది. స్వేచ్ఛకు గుణం దక్కింది, స్వైరానికి దక్కలేదు. (నలభై ఏళ్లుగా తరగతిలో వాడుతున్న హాస్యం, క్షమించాలి.) ఛాందోగ్య ఉపనిషత్తులో అశ్వపతి రాజు తన రాజ్యాన్ని పొగుడుకుంటూ ‘న స్వైరీ, స్వైరిణీ కుతః’ అంటాడు. స్వైరియే, అంటే కట్టు తప్పి తిరిగే మగవాడే, లేనప్పుడు స్వైరిణి ఎక్కడిది అని. అక్కడ తప్పు ఇద్దరిదీ, పైగా మగవాడిదే ముందు. తెలుగులోకి వచ్చేసరికి స్వైరి జారుకున్నాడు, స్వైరిణి ఒక్కతే తిట్టుగా మిగిలింది.

మొదట అడిగినవారు: ఇది నేను తరగతిలో చెప్పి తీరతాను. ఇంకొకటి మాస్టారూ. ఓల్గా గారు పనిచేసిన సంస్థ పేరు ‘అస్మిత’. పతంజలి యోగసూత్రాల్లో ఇది పంచక్లేశాల్లో, అంటే మనసును బాధించే అయిదు దోషాల్లో, ఒకటి కదా?

జవాబు: అవును. అవిద్య, అస్మిత, రాగం, ద్వేషం, అభినివేశం. ‘అస్మి’ అంటే ‘ఉన్నాను’. ‘నేను’ అనే పట్టు అస్మిత. పతంజలికి అది వదిలించుకోవలసిన జబ్బు. కానీ ‘నేను’ అనే మాట చేతికే రానివాళ్లు దేన్ని వదులుకుంటారు? హైదరాబాదు మహిళా సంస్థ ఆ పేరు పెట్టుకోవడం నాకు నచ్చుతుంది. పతంజలి ఏమంటాడో మరి.

మరొకరు: నాకు ‘విముక్త’ దగ్గర ఒక అనుమానం. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన కథల సంపుటి అది. విముక్త అంటే విడిపించబడినది. కర్మణి ప్రయోగం. మరి విడిపించింది ఎవరు? స్త్రీవాద పుస్తకానికి ఆ పేరేమిటి?

జవాబు: అన్నం ఉడికింది అంటాం. ఉడికించినవాళ్లు కనబడరు, అన్నమే కర్త అయి కూర్చుంటుంది. వ్యాకరణంలో కర్మకర్తరి అంటారు. విముక్తను అలా చదవండి. ఆ పేరున్న కథ ఊర్మిళది. మన ఆడవాళ్ల పాటలో ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోతుంది, లక్ష్మణుడు వచ్చి లేపాలి. ఈ కథలో ఆమె తలుపు వేసుకుంటుంది కానీ నిద్రపోదు. తనను తాను తరచి చూసుకుంటుంది. ఎవరూ వచ్చి లేపనక్కర లేదు. అదే సంపుటిలో రాముడి కథ పేరు చూశారా, ‘బంధితుడు’. ఆడవాళ్లకు విముక్త, రాజుకు బంధితుడు. రెండూ క్తాంతాల (సంస్కృతంలో ‘క్త’ ప్రత్యయం చివర చేరిన మాటల) పోలికలోనే ఉన్నాయి. తెలుగు పంతులమ్మ పెట్టిన పేర్లని ఊరికే తెలుస్తుంది.

మొదట అడిగినవారు: పోస్టరులో పేరు ‘వోల్గా’ అని అచ్చయింది మాస్టారూ. మార్పించాలా?

జవాబు: రష్యా నదికి వకారమే ఉంది. అయినా పుస్తకాల మీద ‘ఓల్గా’ అనే ఉంది. మార్పించండమ్మా.