ఆండ్రూ మెల్విల్ హాల్లో రూమొచ్చింది, ఈయనెవరండీ?

కొత్త విద్యార్థి, వరంగల్:
అందరికీ నమస్కారం. సెప్టెంబర్‌లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఫస్టియర్‌లో చేరుతున్నాను. ఆండ్రూ మెల్విల్ హాల్లో రూమిచ్చారు. ఫొటోల్లో కాంక్రీటు ఓడలా కనిపిస్తోంది. ఉండటానికి బాగుంటుందా? బ్యాగేజీ 23 కిలోలేనట, నాకు చాలదనిపిస్తోంది. ఈ మెల్విల్ ఎవరని నాన్న రోజూ అడుగుతున్నారు, ఏం చెప్పాలో తెలీడం లేదు.

డండీ అక్క:
తమ్ముడూ, కంగారేం లేదు. 1960ల్లో ఆర్కిటెక్ట్ జేమ్స్ స్టిర్లింగ్ డిజైన్ చేసిన హాలది. నీ డిపార్ట్‌మెంటు కూడా అటువైపే, క్లాసుకి నడిచే పోవచ్చు. ఊళ్ళో రైల్వే స్టేషన్ లేదు, లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి. సముద్రపు గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న జాకెట్టు కొనుక్కో. పప్పులూ పచ్చళ్ళూ మరీ మోసుకురాకు, డండీలో దొరుకుతాయి.

ఇక నాన్నగారి ప్రశ్న. మెల్విల్ స్కాట్లండ్ మతశాస్త్ర పండితుడు, చర్చినీ యూనివర్సిటీలనీ సంస్కరించినవాడు. 1545లో మాంట్రోజ్ దగ్గర పుట్టాడు. రెండేళ్ళప్పుడు తండ్రి ఇంగ్లండ్‌తో జరిగిన పింకీ యుద్ధంలో పోయాడు, కొన్నాళ్ళకే తల్లీ పోయింది. పెంచింది అన్నావదినలు. చదువు నువ్వొస్తున్న ఊళ్ళోనే, సెయింట్ మేరీస్ కాలేజీలో. తర్వాత ఫ్రాన్స్‌లో పారిస్, పోయిటీర్స్. అక్కడ మతయుద్ధం ముదిరేసరికి నడుముకి చిన్న హీబ్రూ బైబిల్ కట్టుకుని జెనీవాకి నడిచిపోయాడట. నువ్వేమో బ్యాగేజీ 23 కిలోలు చాలదంటావు!

1574లో తిరిగొచ్చి గ్లాస్గోకి ప్రిన్సిపల్ అయ్యాడు. అప్పటికి ఆ యూనివర్సిటీ మూతపడినంత పనైంది. మొదట్లో గ్రీకు, లెక్కలు, తర్కం, చరిత్ర, హీబ్రూ, మతశాస్త్రం, అన్నీ తానే చెప్పాడు. తన దగ్గర తయారైనవాళ్ళనే పంతుళ్ళుగా పెట్టాడు. ఒకే పంతులు ఒక బ్యాచికి అన్నేళ్ళూ అన్నీ చెప్పే పాత పద్ధతి మాన్పించి, ఎవరి సబ్జెక్టు వాళ్ళకి పంచాడు. 1577లో యూనివర్సిటీకి ఇచ్చిన కొత్త చార్టర్‌లో (రాజపత్రంలో) ఉన్నది ఈ ఏర్పాటే. 1580లో సెయింట్ మేరీస్‌కి ప్రిన్సిపల్‌గా వచ్చాడు. అరిస్టాటిల్ తప్పులు ఎత్తి చూపిస్తుంటే ఇక్కడి పంతుళ్ళు భగ్గుమన్నారు. నన్నడిగితే అసలు ఘనత గ్లాస్గోలోని ఆ ఆరేళ్ళది. జనానికి గుర్తున్నవి మాత్రం రాజుగారితో గొడవలే.

గ్లాస్గో అన్న:
ఆ గొడవలూ చెప్పు అక్కా, అబ్బాయి మిస్సవుతాడు.

డండీ అక్క:
చెప్తా. 1596లో ఫాల్క్‌లండ్ ప్యాలెస్‌లో స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్ చొక్కా చెయ్యి పట్టుకుని, నువ్వు దేవుడి ముందు అల్పుడైన సేవకుడివి అన్నాడు. స్కాట్లండ్‌లో ఇద్దరు రాజులున్నారనీ, క్రీస్తు రాజ్యమైన చర్చిలో జేమ్స్ ఒక సభ్యుడే తప్ప అధిపతి కాదనీ మొహం మీదే చెప్పాడు. రాజు అప్పటికి ఊరుకున్నాడు, మర్చిపోలేదు. 1603లో ఇంగ్లండ్ సింహాసనం కూడా దక్కాక, 1606లో లండన్ పిలిపించాడు. రాజుగారి చాపెల్‌లోని బలిపీఠాన్ని వెక్కిరిస్తూ ఈయన లాటిన్ పద్యం రాశాడు. దాని మీద విచారిస్తుంటే ఇంగ్లండ్ చర్చి పెద్ద ఆర్చిబిషప్ బ్యాన్‌క్రాఫ్ట్ అంగీ తెల్ల చేతులు పట్టుకుని ఊపి, ఇవి రోము (అంటే క్యాథలిక్) పీలికలు అన్నాడు. చొక్కా చేతులంటే ఈయనకి అదేం పగో! నాలుగేళ్ళు లండన్ టవర్‌లో ఖైదీగా పడున్నాడు. 1611లో వదిలారు గానీ స్కాట్లండ్‌కి రానివ్వలేదు. ఫ్రాన్స్ సరిహద్దులో సెడాన్ వెళ్ళి పాఠాలు చెప్పుకుంటూ 1622లో అక్కడే పోయాడు.

కొత్త విద్యార్థి:
థాంక్యూ అక్కా, నాన్నకి చదివి వినిపించాను. ఇవి చూడాలంటే ఎక్కడికెళ్ళాలి?

గ్లాస్గో అన్న:
సౌత్ స్ట్రీట్‌లో సెయింట్ మేరీస్ ఆవరణ ఉంది, మతశాస్త్రం ఇప్పటికీ అక్కడే చెప్తారు. ఫాల్క్‌లండ్ కూడా సెయింట్ ఆండ్రూస్ ఉన్న ఫైఫ్ ప్రాంతంలోదే, వీకెండ్‌లో పోయి రావచ్చు. చలికాలమైతే ప్యాలెస్ తెరిచారో లేదో ముందు చూసుకుని బయల్దేరు.